బుఝిలొ? హఁ సార్!

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విద్యా పేజీలో విద్యార్థి కేంద్రిత బోధన గురించి వేసిన వ్యాసం చదివాను. రాసినాయన బాగా చదువుకున్నవాడే, సందేహం లేదు. కానీ ప్రవర్తనావాదం, నిర్మాణవాదం, ప్రగతివాదం అంటూ మందుల షాపులో సీసాలు పేర్చినట్టు పేర్చి వెళ్లిపోయారు. ఏ సీసా ఎవరు తాగాలో, తాగితే ఏమవుతుందో మాకే వదిలేశారు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కావలిస్తే కత్తిరించుకోండి, సవర పిల్లాడి సంగతి మాత్రం కత్తిరించకండి.

నాది ఒడిశాలో గజపతి జిల్లా. కాశీనగర్ వైపు ఒక ప్రైమరీ బడిలో మాస్టారుని. కాస్త దూరం వెళితే ఆంధ్రా వచ్చేస్తుంది. బడి ఒడియా మీడియం. పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే, కొండ దిగి వచ్చే సవర గిరిజన పిల్లలు ఏడెనిమిది మంది ఉంటారు, మిగతావాళ్లు ఒడియావాళ్లు. మీడియం ఏది ఉండాలన్న గొడవ ఇక్కడ ఎత్తను. ఎత్తానంటే మీ పేజీ చాలదు, పైగా అందులో పడి నేను చెప్పదలుచుకున్నది మర్చిపోతాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. ఈ పిల్లాడికి ఏమీ రాదు అని మాస్టారు మనసులో అనుకుని క్లాసులో అడుగుపెడితే, ఆ తర్వాత పాటతో చెప్పినా, బొమ్మలతో చెప్పినా, స్మార్ట్ బోర్డు మీద చెప్పినా అది ఒకటే పద్ధతి.

మాస్టారి ఉద్యోగం కోసం చదివే సి.టి. ట్రైనింగ్ పరీక్షలో నాకు ఫ్రోబెల్ మీద పెద్ద ప్రశ్న వచ్చింది. పిల్లవాడు మొక్క, ఉపాధ్యాయుడు తోటమాలి, 1837లో జర్మనీలో ఆయన చిన్నపిల్లల కోసం పెట్టిన బడి, అన్నీ రాశాను. మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన బడి మొదలుపెట్టిన సంగతి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాసు అడయారులో ఉండి మన టీచర్లకు శిక్షణ ఇచ్చిన సంగతి కూడా ఎక్కించాను. మార్కులు బాగానే పడ్డాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ తోటమాలి పెరట్లోకి వెళ్లి చింతబరికె విరుచుకొచ్చాడు.

ఎందుకంటే నా ఒంట్లో ఉన్న సిద్ధాంతం ఫ్రోబెల్‌ది కాదు. దండం దశగుణం భవేత్. మొక్కై వంగనిది మానై వంగునా. తండ్రులు పిల్లాణ్ణి బళ్లో దింపి వెళ్తూ, "మాస్టారూ, ఎముకలు మాకు మిగిల్చి తోలు వలిచెయ్యండి" అని నవ్వుతూ చెప్పి వెళ్తారు. ఇవన్నీ మన విద్యా సిద్ధాంతాలే, ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ చెప్పరు, అయినా అందరికీ కంఠతా వచ్చు. మొక్క అనే మాట ఫ్రోబెల్ దగ్గరా ఉంది, మన సామెతలోనూ ఉంది. ఆయన నీళ్లు పొయ్యమన్నాడు, మనం వంచమన్నాం.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండిటినీ నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బరికెలు చాలావరకు పోయాయి, సంతోషమే. కానీ మా స్టాఫ్ రూంలో కూర్చుని వినండి ఒకసారి. "నీ మొహానికి చదువెందుకురా", "మీ నాన్నతో పాటు మేకలు కాసుకో పో". చేతిలో బరికె లేదు కాబట్టి అది నాలుక మీదకి ఎక్కింది.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మూడో తరగతి, ఎండాకాలం ఒంటిపూట బడి. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. నేను లేచి నిలబడ్డాను. ఒడియా మాట ఎంత వెతికినా దొరకలేదు, "సార్, గాలి" అనేశాను. ఒడియాలో గాళి అంటే తిట్టు. ఎవడు తిట్టాడని సార్ అడిగారు. నేను కిటికీ వైపు వేలు చూపించాను. కిటికీ పక్కన కూర్చున్నవాడికి రెండు పడ్డాయి, వాడు ఏడుస్తూ నన్ను నిజంగానే తిట్టాడు, అది ఎందుకు తిట్టాడో తేల్చే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి నాకూ రెండు పడ్డాయి. గాలి మాత్రం వీస్తూనే ఉంది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ సార్ చెడ్డవారు కాదు, జ్వరం వస్తే ఇంటికొచ్చి పలకరించి వెళ్లిన మనిషి. కానీ ఆ రోజు తర్వాత ఏడాది పొడుగునా నేను క్లాసులో నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. "బుఝిలొ?" అంటే అర్థమైందా అని. దానికి క్లాసంతా కలిసి "హఁ సార్" అంటుంది. నేనూ అనేవాణ్ణి. ఆ రెండు మాటలతో ఏడాది గడిపేసి పాసైపోయాను కూడా.

మాస్టారునయ్యాక నేనూ అదే బుఝిలొ అడిగాను, పదిహేనేళ్ల పైనే. ఆ "హఁ సార్" వినడానికి ఎంత హాయిగా ఉంటుందో మాస్టార్లకే తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకీ అది ముద్దే, పిల్లలు భలే చురుగ్గా ఉన్నారే అని రాసి వెళ్లిపోతారు.

నా కళ్లు కాస్త తెరుచుకున్నది భిన్నాల దగ్గర. నాలుగో తరగతి. పుస్తకంలో గుండ్రటి రొట్టె బొమ్మ, నాలుగు ముక్కలు, ఒక ముక్కకి రంగు. రొట్టెని అలా నాలుగు ముక్కలుగా కోసుకు తినే ఇల్లు మా ఊళ్లో నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఒక అబ్బాయికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. సగం పెద్దదా పావు పెద్దదా అని బోర్డు మీద అంకెలేసి అడిగితే పావే పెద్దదంటాడు, కింద నాలుగుంది కదా, రెండు కంటే నాలుగు పెద్దది కదా అని వాడి లెక్క. మట్టిబుర్ర అన్నాను. నేనే అన్నాను, వేరెవరో కాదు.

ఆ ఆదివారం సంతకి వెళ్లాను. వాళ్లమ్మ చోళ్లు, ఉలవలు అమ్ముతుంది. ఆవిడ టీ తాగడానికి వెళ్లినట్టుంది, వీడు కొలుస్తున్నాడు. ఒకావిడ అడ్డెడు ఉలవలు అడిగింది. ఇవన్నీ మా పాత కొలపాత్రలు, అడ్డకి నాలుగు తవ్వలు, తవ్వకి రెండు సోలలు. వాడి దగ్గర తవ్వ ఉంది, అడ్డ లేదు. మూడు తవ్వలు పోశాడు, నాలుగో తవ్వ సగానికే వచ్చింది, బస్తా అయిపోయింది. వెంటనే, "అత్తా, సోలెడు తక్కువైంది, 160 ఇవ్వక్కర్లేదు, 140 ఇయ్యి" అన్నాడు. వేళ్లు కూడా మడవలేదు. అడ్డకి ఎనిమిది సోలలు, సోలకి ఇరవై, ఒక సోల తీసేస్తే నూట నలభై. నేను వెనకాల నిలబడి వంకాయలు ఏరుతున్నట్టు నటించాను.

సోమవారం మా ఇంట్లో అటక మీద ఉన్న గిద్ద, సోల, తవ్వ, మానిక కడిగి సంచిలో వేసుకుని వెళ్లాను. బల్ల మీద పెట్టగానే క్లాసు లేచి ముందుకి వచ్చేసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఇదంతా వాళ్లే చెప్పారు, తెలుగు పిల్లలు చెప్తుంటే ఒడియా పిల్లలు తమ ఇళ్లల్లో కొలతల పేర్లు చెప్పారు. గిద్ద సోలలో ఎన్నో వంతు? నాలుగోది. తవ్వలో? ఎనిమిదోది. అయితే నాలుగోవంతు పెద్దదా ఎనిమిదోవంతు పెద్దదా అని నేను వల పన్నాను. ఆ మట్టిబుర్ర నా వైపు ఒక చూపు చూసి, "రెండూ ఈ గిద్దే కదా సార్!" అన్నాడు.

ఆగిపోయాను. వాడన్నది నిజం. అదే గిద్ద సోలకైతే నాలుగోవంతు, తవ్వకైతే ఎనిమిదోవంతు. దేనిలో వంతో చెప్పకుండా ఏ వంతు పెద్దదని అడగడమే తప్పు. నా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు ఆ మాట, నాకూ అప్పటిదాకా తట్టలేదు. పదేళ్ల పిల్లాడు సంతలో నేర్చుకున్నాడు. నేను వాడికి మూడు నెలలపాటు రొట్టె బొమ్మ చూపిస్తున్నాను.

ఇదేదో నేను కనిపెట్టిన వింత పద్ధతని చెప్పుకోవడం లేదు. 1937లో వార్ధాలో గాంధీ గారు సమావేశం పెట్టి, జాకీర్ హుస్సేన్ కమిటీ చేత ప్రణాళిక రాయించి, చేతిపని చుట్టూ చదువు అల్లమన్నారు. మా ఒడిశాలోనే అంతకు ముందే, 1909లో, సంఘ సేవకుడు గోపబంధు దాస్ పూరీ వైపు సాక్షిగోపాల్ దగ్గర చెట్ల కింద బడి పెట్టారు. అక్కడ కులం చూడకుండా అందరూ కలిసి కూర్చుని తినేవారు, ఆ రోజుల్లో అది పాఠం కంటే పెద్ద పాఠం. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ తీసి చూడండి, పనులు చేస్తూ, వెతుక్కుంటూ నేర్చుకోవాలని, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని, పిల్లాడు భయం లేకుండా తన మాట చెప్పగలగాలని అన్నీ ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాష అంది. కాగితం మీద మనకి ఏ లోటూ లేదు.

లోటు ఎక్కడుందో చెప్తాను. ట్రైనింగుకి పిలుస్తారు. ఐదు రోజులు. మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తారు, చార్ట్ పేపర్లు, స్కెచ్ పెన్నులు ఇస్తారు, బృంద చర్చ అంటారు. చివర్న ట్రైనింగ్ ఇచ్చే ఆయన ముందే రాసి పెట్టుకున్న జవాబు స్లైడ్ మీద వేసి, అదే సరైనదంటారు. అడ్డు ప్రశ్న వేసినవాడి వైపు, టీకి ఆలస్యమవుతోంది కదా మాస్టారూ అన్నట్టు చూస్తారు. పిల్లల్ని అడగనివ్వండి అని మాకు చెప్పే ట్రైనింగులో మమ్మల్ని అడగనివ్వరు. మేం తిరిగొచ్చి అదే చేస్తాం. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం, పైనున్న క్లస్టర్ ఆఫీసు నుంచి భేష్ అన్నట్టు బొటనవేలు గుర్తు వస్తుంది, ఆ తర్వాత పిల్లలు మళ్లీ వరసల్లోకి వెళ్లిపోతారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కంఠస్థం అంటే పాపం అన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పడదు. ఎక్కాలు నోటికి రావాల్సిందే. పద్యం నోటికి వచ్చినవాడికి మాట తిరుగుతుంది. పిల్లలు అన్నీ వాళ్లంతట వాళ్లే కనుక్కుంటారు, మాస్టారు పక్కన కూర్చుంటే చాలు అనడం బద్ధకస్తులకి మంచి సాకు. నేను చెప్పకపోతే వాడికి భిన్నం రాయడం రాదు, పైన ఒకటి కింద నాలుగు అని రాసే పద్ధతి సంతలో దొరకదు. చెప్పాలి. కాకపోతే వాడికి ఇప్పటికే ఏం తెలుసో చూసుకుని చెప్పాలి.

రెండేళ్ల కిందట ఒక అలవాటు పెట్టాను. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో నేను ప్రశ్న అడగకూడదు, పిల్లలే అడగాలి, ఏ భాషలోనైనా సరే. మొదటి మూడు శుక్రవారాలు శ్మశానంలా ఉంది. నాకే సిగ్గేసి మధ్యలో బుఝిలొ అనబోయి నాలుక కరుచుకున్నాను. నాలుగో వారం ఒక పాప లేచి, "సార్, మీరెందుకు ఎప్పుడూ కుర్చీలోనే కూర్చుంటారు, మాకెందుకు కింద చాప?" అంది. తర్వాత ఇక ఆగలేదు.

ఆగకపోతే ఏమవుతుందో కూడా రాయాలి కదా, సాధికారత అని పెద్ద మాట వాడతాం కాబట్టి. ఒక ఐదో తరగతి అమ్మాయి బడి గోడ మీద పెయింట్‌తో రాసిన మధ్యాహ్న భోజనం పట్టిక చదివి, "డాల్మా అని రాసుంది, డాల్మాలో కూరముక్కలుంటాయి కదా, మనకి పప్పునీళ్లే ఎందుకు వస్తున్నాయి?" అని అడిగింది. చెప్పొద్దూ, నాకు మెచ్చుకోవాలనిపించలేదు. ముందు టెన్షన్ వచ్చింది. ఈ మాట పైకి వెళ్తే ఎవరి మెడకి చుట్టుకుంటుందో అని. కూర్చో అనేశాను. రాత్రంతా అదే ఆలోచన. మర్నాడు నేనే ఆ పిల్లని తీసుకుని వంటగదికి వెళ్లాను, వంట చేసే ఆవిడనే అడగమన్నాను. ఆవిడ ముందు కసురుకుంది, తర్వాత కూర్చోబెట్టి చెప్పింది, కూరగాయల డబ్బు రెండు నెలలుగా రాలేదని, గుమ్మడికాయలు అప్పు తెస్తున్నానని, దుకాణం వాడు ఇక ఇవ్వనన్నాడని. ఆ పిల్ల క్లాసుకి వచ్చి అదంతా బోర్డు మీద లెక్క వేసింది. బడి కమిటీ మీటింగులో ఆ లెక్క చదివాం. కొందరు పెద్దలకి నచ్చలేదు, పిల్లగుంటలకి ఇవన్నీ ఎందుకు నేర్పుతున్నావని నన్నే అడిగారు. డబ్బు అయితే ఆ నెలాఖరుకి వచ్చింది, మా లెక్క వల్లో మామూలుగానో చెప్పలేను.

ఒక్క మాస్టారు, ఐదు తరగతులు, రిజిస్టర్లు, యాప్‌లు, ఓటర్ల లిస్టు, ఇన్నిటి మధ్య ఇవన్నీ కుదరవని నా తోటి మాస్టార్లు అంటారు. నిజమే, చాలా రోజులు నాకూ కుదరదు. శుక్రవారం ఒక్క పీరియడ్ కుదురుతుంది.

ఇక సవర పిల్లాడు. గాలి అన్నందుకు దెబ్బలు తిన్నవాణ్ణి కదా, నాకైనా బుద్ధుండాలి. రెండో తరగతిలో చేరిన ఒక సవర పిల్లాడు నెల రోజులపాటు నోరు విప్పలేదు. మందబుద్ధి అని నా డైరీలో రాసుకున్నాను. ఒకరోజు వాడు హఠాత్తుగా లేచి వాళ్ల భాషలో గబగబా ఏదో అన్నాడు. నేను ఆ శబ్దాన్ని అనుకరించి క్లాసుని నవ్వించాను. మర్నాటి నుంచి రాలేదు. నాలుగు రోజులయ్యాక కొండెక్కి వాళ్లింటికి వెళ్తే, వాళ్ల నాన్న ఒడియాలో చెప్పాడు: వరండాలో పెట్టిన కొత్త పుస్తకాన్ని మేక తింటోంది సార్, అన్నాడట వాడు. పుస్తకం తెచ్చి చూపించాడు కూడా, సగం అట్ట లేదు.

అక్కడే, ఆ గుమ్మంలో కూర్చున్నప్పుడు నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. మా జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో రాజా వారి బడిలో మాస్టారు ఆయన. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన పటానికి దండేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలిస్తాం, నేనూ ఇచ్చాను. సవరల కోసం ఆయన తన డబ్బుతో బడి నడిపారని, దానికంటే ముందు సవర మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయనే విద్యార్థి అయి ఆ భాష నేర్చుకున్నారని, 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసేంత పెద్ద సవర వ్యాకరణం రాశారని మాత్రం ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యంతో దాటేస్తాం. 1936లో పర్లాకిమిడిని కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, ఆ బాధ మా తెలుగువాళ్లం ఇప్పటికీ చెప్పుకుంటాం. అదే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారు చేశారు. అది మాలో ఎంతమందికి తెలుసు? మా భాషని బళ్లో చిన్నచూపు చూస్తున్నారని అర్జీల మీద అర్జీలు పెట్టే నేను, ఆ లిపి పేరు సొరాంగ్ సొంపెంగ్ అని ఈ మధ్యే తెలుసుకున్నాను.

ఇప్పుడు వాడు నాకు రోజుకో సవర మాట నేర్పుతున్నాడు. హాజరు పిలిచాక రెండు నిమిషాలు. నేను పలికితే క్లాసంతా నవ్వుతుంది, అందరికంటే వాడే ఎక్కువ నవ్వుతాడు. మూడుసార్లు చెప్పించి, అచ్చం నా గొంతుతోనే, "బుఝిలొ?" అంటాడు. డైరీలో ఆ పేజీ చింపలేదు, ఉండనిచ్చాను.

చివరగా మీకొక విన్నపం. మీ విద్యా పేజీ నిండా పదో తరగతి మోడల్ పేపర్లు, ర్యాంకర్ల ఫోటోలే ఉంటున్నాయి. వారానికి ఒక మూల పిల్లలు అడిగిన ప్రశ్నలకి ఇవ్వండి, జవాబులు అక్కర్లేదు. మా క్లాసువి నాలుగు పంపుతున్నాను. జీడిగింజ పండు లోపల కాకుండా బయట ఎందుకు వేలాడుతుంది? వంశధార ఆంధ్రాలోకి వెళ్లాక దానికి తెలుగు వస్తుందా? నాన్న చెన్నైలో ఇల్లు కడతాడు, మా ఇల్లు ఎందుకు కట్టడు? మాస్టారికి తప్పు వస్తే ఎవరు దిద్దుతారు?

ఊరి పేరు, తరగతి వేస్తే చాలు. పిల్లల పేర్లు వేయొద్దు, పేపర్లో పడితే ఇంట్లో తిడతారట, వాళ్లే చెప్పారు.

ఇట్లు,
ఒక ప్రైమరీ మాస్టారు,
గజపతి జిల్లా, ఒడిశా